కస్టమ్ క్రూజర్ బ్రేకుల అప్‌గ్రేడ్: తరచుగా అడిగే ప్రశ్నలు

క్రూజర్ మోటార్‌సైకిల్‌ను కస్టమ్ చేయించేవాళ్లు పెయింటు మీదా సైలెన్సర్ మీదా పెట్టినంత మనసు బ్రేకుల మీద పెట్టరు. బండి రోడ్డెక్కి, మొదటిసారి లీవర్ గట్టిగా నొక్కాల్సి వచ్చాక మాత్రం అందరికీ అవే అనుమానాలు. అడిగినవాళ్లందరికీ విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. ఒక్కో జవాబు విడిగా చదివినా అర్థమవుతుంది.

## మొదలుపెట్టే ముందు

బ్రేకు సరిగ్గా పడటం లేదు. ముందు ఏది మార్చాలి?

ముందు ఏదీ మార్చకండి. ఉన్నదాన్ని కంపెనీ నుంచి వచ్చిన రోజు ఎలా ఉండేదో ఆ స్థితికి తీసుకురండి. పాత బండ్లలో, రెండు పిస్టన్ల క్యాలిపర్‌లో (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) ఒక పిస్టన్ తుప్పు పట్టి బిగుసుకుపోయి, రెండోదొక్కటే పనిచేస్తూ ఉండటం మామూలే. క్యాలిపర్ అటూ ఇటూ జరిగే స్లైడ్ పిన్నుల్లో గ్రీజు ఎండిపోతే ఒక ప్యాడ్ సగానికి అరిగిపోతుంది, ఎదుటి ప్యాడ్ కొత్తదానిలా ఉంటుంది. క్యాలిపర్ విప్పి, పిస్టన్లు శుభ్రం చేసి, సీళ్లు మార్చి, కొత్త ఫ్లూయిడ్ పోసి, మంచి ప్యాడ్లు వేస్తే చాలామందికి అప్‌గ్రేడ్ అక్కడితోనే అయిపోతుంది.

ఇంకా చాలదనిపిస్తే నేను వెళ్లే వరుస ఇది: ప్యాడ్లు, టైరు, లైన్లు (ఫ్లూయిడ్ గొట్టాలు), మాస్టర్ సిలిండర్ (లీవర్ నొక్కితే ఫ్లూయిడ్‌ను తోసేది), ఆఖరున క్యాలిపర్, డిస్క్. జనం సరిగ్గా దీన్ని తలకిందులు చేస్తారు. క్యాలిపర్ అయితే నలుగురికీ కనిపిస్తుంది, సీలు ఎవరికి కనిపిస్తుంది?

బ్రేకు నిజంగానే వీకా, నాకే అలా అనిపిస్తోందా?

ఖాళీగా, పొడిగా ఉన్న తిన్నటి రోడ్డు మీద 50 కిలోమీటర్ల వేగం నుంచి ముందు లీవర్‌ను మెల్లగా మొదలుపెట్టి, పట్టు పెంచుకుంటూ నొక్కి చూడండి. రెండు మూడు వేళ్లతోనే టైరు కీచుమనే దాకా, లేదా ఏబీఎస్ కదిలే దాకా వస్తే బ్రేకులో బలం ఉన్నట్టే. ఇక కావాల్సింది అలవాటు. అరచేయి మొత్తం పెట్టి పిండినా టైరు ఆ హద్దు దాకా రాకపోతే లోపం బ్రేకులోనే ఉంది.

తేడా ఎంతో లెక్కలో చూడండి. 100 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి 0.6 జి (జి అంటే గురుత్వ త్వరణం) చొప్పున వేగం తగ్గితే సుమారు 66 మీటర్లకు ఆగుతుంది. 0.8 జి అయితే 49 మీటర్లు చాలు. మధ్యలో ఉన్న ఆ 17 మీటర్లలో ఒక లారీ పడుతుంది.

క్రూజర్‌లో వెనక బ్రేకే ముఖ్యమంటారు, నిజమేనా?

సగం నిజం. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు వాలుతుంది. ఎంత వాలుతుందనేది బరువు కేంద్రం ఎత్తునూ, రెండు చక్రాల మధ్య దూరాన్నీ బట్టి ఉంటుంది. క్రూజర్ పొడుగ్గా, కిందికి ఉంటుంది కాబట్టి తక్కువ వాలుతుంది. ఉదాహరణకు బరువు కేంద్రం 55 సెంటీమీటర్ల ఎత్తులో, చక్రాల మధ్య దూరం 165 సెంటీమీటర్లు అనుకుందాం. 0.7 జి బ్రేకింగ్‌లో మొత్తం బరువులో 23 శాతం ముందుకు మారుతుంది. మామూలుగా వెనక చక్రం మీద 53 శాతం ఉంటే, అంత గట్టి బ్రేకులో కూడా ఇంకా 30 శాతం మిగులుతుంది. పొట్టిగా, ఎత్తుగా ఉండే స్పోర్ట్స్ బైకులో అది 20 శాతం లోపే.

అందుకే క్రూజర్‌లో వెనక బ్రేకు దండిగా పనికొస్తుంది. కానీ అదే లెక్క ప్రకారం మిగతా 70 శాతం ముందు చక్రం మీదే ఉంది. ఖర్చు పెట్టాల్సింది ముందు వైపే.

ముందు బ్రేకు తీసేస్తే ఫ్రంట్ క్లీన్‌గా ఉంటుంది. పాత చాపర్లు (పొడుగు ఫోర్కుతో కోసి మార్చిన బండ్లు) అలాగే తిరిగాయి కదా?

తిరిగాయి. 1960లు, 70ల్లో ముందు బ్రేకు లేని చాపర్లు చాలానే ఉండేవి. ఆపడానికి పట్టే దూరం మాత్రం అప్పుడూ ఎక్కువే. వెనక చక్రం ఒక్కదానితో ఆపితే, పట్టు దొరికే టైరు సగం మాత్రమే వాడుకుంటున్నట్టు. పైగా బ్రేకు పడేకొద్దీ వెనక బరువు తగ్గి ఆ చక్రం లాక్ అవుతుంది. చాలా దేశాల్లో రెండు చక్రాలకూ బ్రేకు ఉండి తీరాలన్న నియమం కూడా ఉంది. క్లీన్ లుక్కే కావాలంటే చిన్న క్యాలిపర్‌ను ఫోర్కు వెనక వైపు పెట్టించి, లైనును హ్యాండిల్ లోపలి నుంచి తీయించండి.

21 అంగుళాల సన్నటి ముందు టైరు ఉంది. దానికి పెద్ద బ్రేకు దండగేనా?

పూర్తిగా దండగ కాదు, కానీ హద్దు టైరుదే. రోడ్డును పట్టుకునేది డిస్కు కాదు, అరచేయంత రబ్బరు. ఏళ్ల తరబడి షెడ్డులో నిలబడి గట్టిపడిన టైరుకు ఆరు పిస్టన్ల క్యాలిపర్ తగిలిస్తే, స్కిడ్ ఇంకాస్త త్వరగా అవుతుంది, అంతే. టైరు పక్కన అచ్చేసిన నాలుగు అంకెల్లో మొదటి రెండు తయారైన వారం, చివరి రెండు సంవత్సరం. అది చూసి, పాతదైతే ముందు టైరు మార్చండి. ఇలాంటి బండికి బలం కంటే, వేలితో కొద్దికొద్దిగా పెంచుకోగలిగే మెత్తని బ్రేకు ఎక్కువ మేలు.

## భాగాలు ఎంచుకునేటప్పుడు

ప్యాడ్ వెనక హెచ్‌హెచ్, జీజీ అని ఉంటుంది. ఏంటది?

రాపిడి ఎంతో చెప్పే గుర్తు. మొదటి అక్షరం మామూలు వేడిలో, రెండోది బాగా వేడెక్కాక. ఈ అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55, హెచ్ అంటే 0.55 పైన. ఎఫ్ఎఫ్ నుంచి హెచ్‌హెచ్‌కు మారితే అదే చేతిబలానికి బ్రేకు స్పష్టంగా పెరుగుతుంది. క్యాలిపర్ మార్చినంత తేడా ఒక జత ప్యాడ్లతో రావడం నేను చూశాను.

హెచ్‌హెచ్ ప్యాడ్లు ఎక్కువగా సింటర్డ్, అంటే లోహపు పొడిని కాల్చి గట్టిపరిచినవి. స్టెయిన్‌లెస్ డిస్కుకు బాగుంటాయి, వానలోనూ పనిచేస్తాయి. పాత పోత ఇనుము డిస్కు ఉంటే మాత్రం వద్దు, డిస్కును తినేస్తాయి. దానికి ఆర్గానిక్ రకం వేసుకోండి.

స్టీల్ బ్రెయిడెడ్ లైన్లు వేస్తే బ్రేకు బలం పెరుగుతుందా?

బలం పెరగదు. ఫీల్ మారుతుంది. రబ్బరు గొట్టం ఒత్తిడికి కొంచెం ఉబ్బుతుంది, పాతబడేకొద్దీ ఇంకాస్త. లోపల టెఫ్లాన్, పైన స్టీలు అల్లిక ఉన్న లైను దాదాపు ఉబ్బదు కాబట్టి లీవర్ గట్టిగా, ఖచ్చితంగా ఉంటుంది. హ్యాండిల్ ఎత్తు పెంచి లైను పొడవు పెరిగిన బండ్లలో ఈ తేడా బాగా తెలుస్తుంది. ఒక జాగ్రత్త: ఆ అల్లిక ఆకురాయిలాంటిది. పైన ప్లాస్టిక్ తొడుగు లేని లైను ట్యాంకుకు తగిలిందంటే పెయింటు పోయి లోపలి రేకు కనిపిస్తుంది.

మాస్టర్ సిలిండర్ పెద్దది వేస్తే బ్రేకు పవర్ పెరుగుతుంది కదా?

పెరగదు, తగ్గుతుంది. అందరూ బోల్తా పడేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

మీ వేళ్లు లీవర్‌ను 10 కిలోల బలంతో లాగాయనుకోండి. లీవర్ దాన్ని ఆరు రెట్లు చేసి 60 కిలోలుగా మాస్టర్ పిస్టన్ మీద నెడుతుంది. పిస్టన్ వ్యాసం 14 మిల్లీమీటర్లయితే వైశాల్యం 1.54 చదరపు సెంటీమీటర్లు. ఫ్లూయిడ్‌లో ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 39 కిలోలు. అదే 16 మిల్లీమీటర్ల పిస్టన్ అయితే 30 కిలోలే. 12.7 మిల్లీమీటర్లదైతే 47. అంటే చిన్న బోరు (పిస్టన్ వ్యాసం) ఎక్కువ బలం ఇస్తుంది.

మరి అందరూ చిన్నదే ఎందుకు వేయరు? చిన్న పిస్టన్ ఒక్కో నొక్కుకు తక్కువ ఫ్లూయిడ్ తోస్తుంది. ప్యాడ్లు డిస్కును గట్టిగా పట్టేలోపే లీవర్ వచ్చి గ్రిప్పుకు తగులుతుంది. పెద్ద బోరుతో లీవర్ కొంచెమే కదులుతుంది, చెక్కలా గట్టిగా ఉంటుంది, కానీ ఎక్కువ పిండాలి. ఆ గట్టిదనాన్నే చాలామంది పవర్ అనుకుంటారు. ఇక్కడ పని చేసేది వ్యాసం కాదు, దాని వర్గం. రెండు మిల్లీమీటర్లే కదా అని 14 నుంచి 16కు వెళ్తే, అదే బ్రేకు కోసం వేళ్లు 31 శాతం ఎక్కువ శ్రమపడాలి.

నాలుగు పిస్టన్ల క్యాలిపర్ అంటే రెండు పిస్టన్లదానికి రెట్టింపు బలమా?

కాదు. రెండు పిస్టన్లూ ఒకే వైపు ఉండే స్లైడింగ్ క్యాలిపర్‌లో, పిస్టన్లు ఒక ప్యాడ్‌ను నెట్టినంత బలంతోనే క్యాలిపర్ ఒళ్లు జరిగి రెండో ప్యాడ్‌ను లాగుతుంది. కాబట్టి పోల్చేటప్పుడు ఒక వైపు పిస్టన్లనే లెక్కపెట్టాలి. ఒక వైపు 27 మిల్లీమీటర్లవి రెండున్న స్లైడింగ్ క్యాలిపరూ, అటు రెండు ఇటు రెండు 27 మిల్లీమీటర్లవే ఉన్న ఫిక్స్‌డ్ క్యాలిపరూ ఒకే ఒత్తిడికి ఒకే బలంతో బిగుస్తాయి.

నాలుగు పిస్టన్లదాని అసలు లాభం వేరు. ఒళ్లు గట్టిగా ఉంటుంది, ప్యాడ్లు సమంగా అరుగుతాయి, లీవర్ ఫీల్ శుభ్రంగా ఉంటుంది. పిస్టన్ సైజు కూడా పెద్దదైతే బలం పెరుగుతుంది, కానీ దానికి తగిన ఫ్లూయిడ్ తోయగల మాస్టర్ ఉండాలి.

డిస్క్ సైజు పెంచితే ఎంత లాభం?

లెక్క సులువు. ప్యాడ్ పట్టే చోటు చక్రం కేంద్రం నుంచి ఎంత దూరముంటే అంత తిప్పుబలం. 292 మిల్లీమీటర్ల డిస్కు తీసి 330ది వేస్తే సుమారు 14 శాతం పెరుగుతుంది. ఇందులో నాకు నచ్చేదేమిటంటే లీవర్ కదలిక ఏమాత్రం మారదు, ఫీల్ చెడదు. పెద్ద డిస్కు వేడినీ బాగా తట్టుకుంటుంది. అయితే క్యాలిపర్‌ను బయటికి జరిపే బ్రాకెట్ కావాలి. చిన్న ముందు చక్రాలకు రిమ్ముకూ క్యాలిపర్‌కూ మధ్య సందు ఉందో లేదో డిస్కు కొనకముందే అట్టముక్క కత్తిరించి పెట్టి చూసుకోండి.

సింగిల్ డిస్క్ బండికి రెండో డిస్క్ పెట్టించాలా?

బరువైన బండి, పొడుగు ఫోర్కు ఉంటే ఆలోచించదగ్గదే. ఒకవైపే డిస్కు ఉన్న పొడుగు, సన్నటి ఫోర్కు గట్టి బ్రేకులో మెలితిరిగి బండి ఒక పక్కకు లాగుతుంది. రెండు డిస్కులుంటే ఆ లాగుడు పోతుంది. కానీ చక్రం హబ్బుకు రెండో వైపు డిస్కు చోటు, రెండో ఫోర్కు కాలికి క్యాలిపర్ బిగించే చెవులు ఉండాలి.

మాస్టర్ సిలిండర్ సంగతి మరవద్దు. క్యాలిపర్ రెట్టింపైతే ఫ్లూయిడ్ అవసరమూ రెట్టింపే. పాత 12.7 మిల్లీమీటర్ల మాస్టర్‌ను అలాగే ఉంచితే లీవర్ గ్రిప్పుకు ఆనుతుంది. అచ్చం పాత ఫీల్ కావాలంటే 18 మిల్లీమీటర్లది పడుతుంది. 16 దగ్గర ఆపితే అదే చేతిబలానికి 26 శాతం ఎక్కువ బిగింపు వస్తుంది, లీవర్ కదలికా అంతే పెరుగుతుంది. క్రూజర్‌కు నేనైతే ఇదే ఎంచుకుంటాను.

క్రోమ్ పూసిన డిస్కులు వేసుకోవచ్చా?

ప్యాడ్ రాసుకునే చోట క్రోమ్ ఉందంటే వద్దు. పైన పటారం, లోన లొటారం. క్రోమ్ నున్నగా ఉండి పట్టు ఇవ్వదు, వేడికి పొరలు పొరలుగా లేస్తుంది, లేచిన ముక్క ప్యాడ్‌లో ఇరుక్కుంటుంది. మెరుపు కావాలంటే పాలిష్ చేసిన స్టెయిన్‌లెస్ డిస్కు తీసుకోండి, లేదా మధ్య క్యారియర్‌కు మాత్రమే క్రోమ్ ఉన్నది చూసుకోండి.

ముందు డ్రమ్ బ్రేకే ఉంది. డిస్క్‌కు మార్చడం తేలికేనా?

డిస్కు, క్యాలిపర్ కొంటే సరిపోదు. డిస్కు బిగించే హబ్బు, క్యాలిపర్ చెవులున్న ఫోర్కు కాలు, యాక్సిల్, హ్యాండిల్ మీద మాస్టర్ సిలిండర్, అన్నీ మారాలి. అందుకే విడి భాగాలు ఏరుకునే బదులు, డిస్కు ఉన్న వేరే మోడల్ ఫ్రంట్ ఎండ్ మొత్తాన్ని చక్రంతో సహా తెచ్చి, స్టీరింగ్ స్టెమ్, బేరింగులు సరిపెట్టుకోవడమే చాలాసార్లు తక్కువ తలనొప్పి. 1969లో హోండా సీబీ750 వచ్చాక హైడ్రాలిక్ డిస్కు మామూలైపోయింది కాబట్టి ఆ తర్వాతి మోడళ్లలో దొరికే వాటికి కొదవ లేదు.

డ్రమ్ముతోనే ఉండాలనుకుంటే అవమానమేమీ కాదు. డ్రమ్ము లోపల ఓవల్ అవకుండా సరిచేయించి, షూలను ఆ డ్రమ్ము వంపుకు తగ్గట్టు రాయించి, కేబుల్ కొత్తది వేస్తే అది మీరనుకున్న దానికంటే బాగా పడుతుంది.

డాట్ 4, డాట్ 5, డాట్ 5.1లలో ఏది పోయాలి?

రిజర్వాయర్ మూత మీద ఏది రాసి ఉంటే అది. మాస్టర్, క్యాలిపర్ వేర్వేరు బండ్లవైతే రెండూ ఒకే రకానికి చేసినవేనా చూసుకోండి. డాట్ 3, 4, 5.1 గ్లైకాల్ జాతివి, ఒకదానితో ఒకటి కలుస్తాయి. డాట్ 5 సిలికాన్, అది వేరే జాతి, మిగతా వాటితో కలపకూడదు. 5కూ 5.1కూ పేరులో చుక్క తేడానే కానీ అసలు సంబంధం లేదు. ఈ పేర్లు పెట్టినవాళ్లను ఏమనాలో తెలియదు.

డాట్ 5 పెయింటును పాడుచేయదు కాబట్టి కస్టమ్ బండ్లవాళ్లకు ఇష్టం. 2000 దశకం మధ్య దాకా చాలా హార్లీల్లో అదే ఉండేది, తర్వాత డాట్ 4కు మారాయి. దాని ఇబ్బంది: నీటిని పీల్చుకోదు, దాంతో చొరబడ్డ చెమ్మ క్యాలిపర్ అడుగున చుక్కలుగా నిలిచి తుప్పు పట్టిస్తుంది. గాలి బుడగలనూ తేలిగ్గా పట్టుకుంటుంది. ఏబీఎస్ ఉంటే డాట్ 5 వద్దే వద్దు. డాట్ 4 ఒలికితే వెంటనే నీళ్లతో కడిగేయండి, ట్యాంకు మీద పడి ఆరిందంటే పెయింటు లేస్తుంది.

ఏబీఎస్ ఉన్న బండికి బ్రేకులు మార్చవచ్చా?

ప్యాడ్లు, సరైన కొలతల స్టీల్ లైన్లు, అదే పిస్టన్ సైజు క్యాలిపర్ వరకు సాధారణంగా ఇబ్బంది లేదు. చక్రం సైజు మారిస్తే చిక్కు. ఏబీఎస్ రెండు చక్రాల వేగాలను పోల్చుకుంటూ ఉంటుంది. ముందు 19 తీసి 23 అంగుళాలు వేస్తే, దాని లెక్కే తప్పుతుంది. డిస్కు మార్చేటప్పుడు సెన్సర్ రింగు, సెన్సర్‌కు ఉండాల్సిన సందు అలాగే ఉండాలి. ఫ్లూయిడ్‌లో చిక్కిన గాలి తీయడానికి కొన్ని మోడళ్లకు కంప్యూటర్ తగిలించి లోపలి పంపును తిప్పాల్సి వస్తుంది. లుక్ కోసం ఏబీఎస్ పీకేయడం గురించి అడిగేవాళ్లకు నా జవాబు ఎప్పుడూ ఒకటే: వద్దు.

పెడల్ తొక్కితే ముందు బ్రేకు కూడా పడే బండి నాది. అలాంటివాటికి ఏం చేయాలి?

పాత మోటో గుజ్జి కాలిఫోర్నియా లాంటి వాటిలో పెడల్ వెనక డిస్కుతో పాటు ముందున్న రెండింటిలో ఒకదాన్నీ నడుపుతుంది. అలాంటి బండిలో ముందు క్యాలిపర్ మారిస్తే పెడల్ ఫీల్ కూడా మారుతుంది. ప్యాడ్లు, లైన్లతో సరిపెట్టుకోవడం నయం. లింకు తెంచాలంటే చేతి మాస్టర్, కాలి మాస్టర్ రెండింటి సైజులూ కొత్తగా లెక్కకట్టాలి.

## బిగించేటప్పుడు

వేరే బండి క్యాలిపర్ దొరికింది. బ్రాకెట్ చేయిస్తే సరిపోతుందా?

బ్రాకెట్ కొలతలే ఇక్కడ ప్రాణం. డిస్కు క్యాలిపర్‌కు సరిగ్గా నడిమధ్యలో రావాలి, పిస్టన్లు పూర్తిగా లోపలికి నెట్టి రెండు వైపులా ఫీలర్ గేజ్‌తో కొలవండి. ప్యాడ్ మొత్తం డిస్కు మీదే ఉండాలి. పై అంచు బయటికి వస్తే అరగని గట్టు ఒకటి మిగిలి, కొన్నాళ్లకు ఎదురెదురు ప్యాడ్ల గట్లు ఒకదానికొకటి తగులుతాయి. బోల్టులు డిస్కుకు సమాంతరంగా ఉండే రేడియల్ క్యాలిపర్లలో వాటి మధ్య దూరం ఎక్కువగా 100 లేదా 108 మిల్లీమీటర్లు, కొనేముందే అడగండి.

బ్రాకెట్‌ను మందపాటి స్టీలుతో గానీ 6061 టీ6, 7075 లాంటి గట్టి అల్యూమినియం దిమ్మెతో గానీ కోయించండి. రేకు వంచి చేసింది పనికిరాదు, వెల్డింగ్ అతుకు అసలే వద్దు. బోల్టులు 8.8 గ్రేడుకు తగ్గకూడదు. ఇక్కడ మెరిసే మామూలు స్టెయిన్‌లెస్ బోల్టులు వాడాలన్న కోరిక అందరికీ పుడుతుంది. ఆ కోరికను చంపుకోండి.

స్ప్రింగర్ ఫోర్కుకు (స్ప్రింగులు బయటికే కనిపించే రకం) డిస్క్ పెడితే బ్రేకు వేసినప్పుడు ముందు భాగం పైకి లేస్తోంది. ఎందుకు?

క్యాలిపర్‌ను కింద ఊగే రాకర్‌కే బిగించి ఉంటారు. చక్రం క్యాలిపర్‌ను తనతో పాటు తిప్పాలని చూస్తుంది, ఆ బలమంతా రాకర్‌ను తిప్పుతుంది, దాంతో ముందు భాగం లేచి స్ప్రింగు పని ఆగిపోతుంది. గతుకు వస్తే చక్రం ఎగురుతుంది. సరైన పద్ధతి ఏమిటంటే, క్యాలిపర్ బ్రాకెట్ యాక్సిల్ మీద స్వేచ్ఛగా తిరగాలి, దాన్ని ఒక టార్క్ రాడ్‌తో కదలని ఫోర్కు కాలికి కట్టాలి. ఆ రాడ్ రాకర్‌కు సమాంతరంగా, దాదాపు అంతే పొడవు ఉండాలి.

ఏప్ హ్యాంగర్ హ్యాండిల్ (బాగా ఎత్తుగా ఉండేది) వేశాక లీవర్ మెత్తగా అయిపోయింది. ఏం చేయాలి?

లైను ఎక్కడో వంపు తిరిగి పైకి లేచిన చోట గాలి నిలిచి ఉంటుంది. లైను క్యాలిపర్ నుంచి మాస్టర్ దాకా ఎక్కుతూనే పోవాలి, మధ్యలో దిగకూడదు. హ్యాండిల్‌ను అటూ ఇటూ తిప్పి మాస్టర్ బ్యాంజో బోల్టే (లైను చివరను బిగించే బోలు బోల్టు) అన్నిటికంటే పైకి వచ్చేలా పెట్టి, కింద క్యాలిపర్ నుంచి సిరంజితో ఫ్లూయిడ్ పైకి ఎక్కించండి. గాలి పైకే పోవాలనుకుంటుంది, దానికి దారివ్వడమే. రాత్రంతా లీవర్‌ను గ్రిప్పుకు కట్టి ఉంచితే మిగిలిన చిన్న బుడగలు కూడా చాలావరకు తేలతాయి. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, ఫోర్కు పూర్తిగా సాగినప్పుడు కూడా లైను లాగుకుపోవడం లేదని చూడండి.

గంటల తరబడి గాలి తీసినా లీవర్ గట్టిపడటం లేదు.

క్యాలిపర్ వైపు చూడండి. బ్లీడ్ నిప్పుల్ (గాలి బయటికి తీసే మూతి) పైకి ఉందా, కిందికా? కుడి క్యాలిపర్‌ను ఎడమ వైపుకు పెడితే నిప్పుల్ అడుగుకు వస్తుంది. గాలి పైన గదిలో హాయిగా కూర్చుంటుంది, మీరు కింది నుంచి ఫ్లూయిడ్ మాత్రం తీస్తూ ఉంటారు. నేనొకసారి ఒక సాయంత్రమంతా, సీసాన్నర ఫ్లూయిడ్, ఇంకా నా ఓపిక మొత్తం పోశాక గానీ ఇది కంటబడలేదు. క్యాలిపర్ విప్పి, ప్యాడ్ల మధ్య డిస్కంత మందం చెక్కముక్క పెట్టి, నిప్పుల్ పైకి వచ్చేలా పట్టుకుని గాలి తీయండి. బిగించేశాక బండి నడుస్తుంది, కానీ ప్రతి బ్లీడింగ్‌కూ విప్పాల్సిందే. వీలైతే సరైన వైపు క్యాలిపర్ తెచ్చుకోండి.

అది కాకపోతే బ్యాంజో వాషర్లు చూడండి. రాగివి గానీ అల్యూమినియంవి గానీ విప్పిన ప్రతిసారీ కొత్తవి వేయాలి.

బ్యాంజో బోల్టు రెండు చుట్లు తిరిగి ఆగిపోతోంది. గట్టిగా తిప్పనా?

వద్దు, మర వేరు. జపాన్ బండ్లలో ఎక్కువగా 10 మిల్లీమీటర్ల బోల్టుకు 1.25 మర, బ్రెంబో లాంటి ఇటలీ భాగాల్లో 1.0 మర. పాత అమెరికన్ క్రూజర్లలో అంగుళాల కొలతలుంటాయి. బలవంతం చేస్తే పోయేది మెత్తటి అల్యూమినియం క్యాలిపర్ మరే, బోల్టుది కాదు. చివరి బిగింపు టార్క్ రెంచ్‌తో, మాన్యువల్లో ఇచ్చిన లెక్కకే.

హార్డ్‌టెయిల్ (వెనక సస్పెన్షన్ లేని) బండికి వెనక స్ప్రాకెట్టే డిస్కుగా ఉండే కిట్ బాగుందా?

చూడ్డానికి బ్రహ్మాండం, ఒక వైపు చక్రం పూర్తిగా ఖాళీగా కనిపిస్తుంది. కానీ చెయిన్‌కు వేసిన ఆయిల్ చిమ్మి పడేది సరిగ్గా ప్యాడ్ రాసుకునే చోటే. డిస్కు వేడికి చెయిన్ లూబ్ కూడా త్వరగా ఎండుతుంది. పొడి రకం చెయిన్ వ్యాక్స్ వాడుతూ, తరచూ తుడుచుకునే ఓపిక ఉంటేనే పెట్టండి.

ఫార్వర్డ్ కంట్రోల్స్ (కాళ్లు ముందుకు చాపి తొక్కే పెడళ్లు) వేశాక వెనక బ్రేకు మొద్దుబారింది.

పెడల్ లీవరేజ్ మారింది. పెడల్ ఇరుసు నుంచి మీ పాదానికి ఉన్న దూరాన్ని, ఇరుసు నుంచి మాస్టర్‌ను నెట్టే కడ్డీకి ఉన్న దూరంతో భాగించండి. పాతదానికంటే ఈ సంఖ్య తక్కువైతే ఎక్కువ తొక్కాలి. కడ్డీ రంధ్రాన్ని ఇరుసుకు దగ్గరగా మార్చినా, చిన్న బోరు మాస్టర్ వేసినా సరిపోతుంది. పొడుగు కడ్డీ మధ్యలో వంగుతోందేమో కూడా చూడండి, ఒకరు తొక్కుతుంటే ఇంకొకరు చూస్తే తెలిసిపోతుంది.

కొత్త మాస్టర్ వేశాక బ్రేక్ లైట్ వెలగడం లేదు.

పాతదానికి ఉన్న స్విచ్ కొత్తదానికి లేదు. లోపల ప్రెజర్ స్విచ్ ఉన్న బ్యాంజో బోల్టు దొరుకుతుంది, మర సరిచూసి అది వేయండి. చేతి బ్రేకుకూ కాలి బ్రేకుకూ విడివిడిగా నొక్కి చూడండి.

## రోడ్డెక్కాక

కొత్త ప్యాడ్లు వేశాక బ్రేకు పాతదానికంటే తగ్గింది. మోసపోయానా?

లేదు, ప్యాడ్లు ఇంకా డిస్కుకు కుదరలేదు. ఖాళీ రోడ్డు మీద 60 కిలోమీటర్ల నుంచి 15 దాకా, ఓ మోస్తరుగా నొక్కి వేగం తగ్గించండి, పూర్తిగా ఆపకండి. మళ్లీ వేగం అందుకుని మళ్లీ. ఇలా పది పదిహేనుసార్లు చేసి, తర్వాత బ్రేకు ముట్టకుండా కొంతదూరం నడిపి చల్లారనివ్వండి. వేడి డిస్కును ప్యాడ్ పట్టుకుని నిలబడితే ఆ చోట ప్యాడ్ అచ్చు పడుతుంది. మొదటి 200 కిలోమీటర్లు ముందున్న బండికి దూరంగా ఉండండి.

కొంతదూరం నడిపాక బ్రేకు దానంతట అదే పట్టేస్తోంది. చల్లారితే వదులుతోంది.

కస్టమ్ లీవర్ వేసిన బండ్లలో ఇది తరచూ కనిపిస్తుంది. వదిలినప్పుడు మాస్టర్ పిస్టన్ పూర్తిగా వెనక్కి వచ్చి, రిజర్వాయర్‌లోకి ఉన్న చిన్న రంధ్రాన్ని తెరవాలి. కొత్త లీవర్ పిస్టన్‌ను ఒక్క మిల్లీమీటరు ముందుకు నొక్కి ఉంచినా ఆ రంధ్రం మూసుకుంటుంది. వేడికి ఉబ్బిన ఫ్లూయిడ్‌కు దారి లేక ప్యాడ్లను నొక్కుతుంది, అది ఇంకా వేడి పుట్టిస్తుంది. చివరకు చక్రం బిగుసుకుంటుంది. లీవర్‌కూ పిస్టన్‌కూ మధ్య కాస్త ఖాళీ కదలిక తప్పకుండా ఉండాలి. రోడ్డు మీద ఇరుక్కుంటే, డిస్కుకు తగలకుండా గుడ్డ అడ్డం పెట్టి, బ్లీడ్ నిప్పుల్‌ను అరచుట్టు వదులు చేసి వెంటనే బిగించండి, ఒత్తిడి పోతుంది. నెమ్మదిగా ఇల్లు చేరి లీవర్ సరిచేయండి.

బ్రేకు వేస్తే లీవర్ చేతిలో టకటకా కొడుతోంది. డిస్క్ వంగిందా?

వంగి ఉండొచ్చు, కానీ చక్రానికి పౌడర్ కోటింగ్ చేయించారా? డిస్కు కూర్చునే ముఖం మీద కూడా ఆ పొర ఉండిపోతే డిస్కు తిన్నగా కూర్చోదు. పైగా ఆ పొర మెల్లగా నలిగి బోల్టులు వదులవుతాయి. డిస్కు తీసి, ఆ ముఖాన్ని లోహం కనిపించే దాకా శుభ్రం చేసి, కొత్త బోల్టులకు థ్రెడ్‌లాకర్ రాసి, ఎదురెదురుగా బిగించి, డయల్ గేజ్‌తో చూడండి. ఊగుడు మాన్యువల్ హద్దు లోపలే ఉన్నా కొట్టుకుంటుంటే డిస్కు మందం మైక్రోమీటర్‌తో ఆరేడు చోట్ల కొలవండి. కనీస మందం ఎంతో డిస్కు మీదే చెక్కి ఉంటుంది.

ఘాట్ దిగుతుంటే బ్రేకు పోయినంత పనైంది. ప్యాడ్లు మార్చాలా, ఫ్లూయిడా?

ఆ క్షణంలో లీవర్ ఎలా ఉందో గుర్తు తెచ్చుకోండి. గట్టిగానే ఉండి బండి ఆగకపోతే ప్యాడ్లు వేడికి పట్టు కోల్పోయాయి, మెరుగైన రకం వేయండి. లీవర్ మెత్తబడి గ్రిప్పు దాకా వచ్చేస్తే ఫ్లూయిడ్ మరిగి ఆవిరి పట్టింది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. 3.7 శాతం నీరు పీల్చుకున్నాక ఆ హద్దు 155కు పడిపోవచ్చు. రెండేళ్లకోసారి ఫ్లూయిడ్ మార్చమనేది ఇందుకే. దిగుడులో పెడల్ మీద కాలు ఆనించి ఉంచే అలవాటు క్రూజర్ నడిపేవాళ్లకు ఎక్కువ. గేరు తగ్గించి, బ్రేకును వేసి వదులుతూ దిగండి.

బ్రేకు వేస్తే కీచుమంటోంది.

బలం తగ్గకపోతే భయం లేదు. ప్యాడ్ వెనక రేకులు తిరిగి పెట్టారా చూడండి, ప్యాడ్ వెనక్కి మాత్రమే బ్రేకు గ్రీజు పల్చగా రాయండి. మామూలు గ్రీజు, పెట్రోలు క్యాలిపర్ దగ్గరికే రానీయకండి, రబ్బరు సీళ్లు ఉబ్బి పిస్టన్లు ఇరుక్కుంటాయి.